మా అత్త డ్యూటీ అయ్యేదాకా

మా ఆయన సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తల్లిది బస్టాండులో ఉద్యోగమని చెప్పారు. టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుని చిల్లర లేదని జనాన్ని కసురుకునే మనిషి కాబోలు అనుకున్నాను. కాపురానికొచ్చిన మూడో రోజు పొద్దున్నే ఆవిడ నీలం కోటు తొడుక్కుని, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని బయల్దేరింది. అప్పుడు తెలిసింది, ఆవిడ అక్కడి ఆడవాళ్ల మరుగుదొడ్లు కడుగుతుందని. ఎవరూ అబద్ధమాడలేదు. బస్టాండు బస్టాండే, ఉద్యోగం ఉద్యోగమే. అడగకపోవడం నా బుద్ధి తక్కువ.

మొదట్లో నాకు నామోషీగానే ఉండేది. ఆవిడకి మాత్రం రవ్వంత కూడా లేదు. పన్నెండు దొడ్లు, ఇరవై ఆరేళ్లు. దూరాలు పోయే బస్సుల్లోంచి దిగిన ఆడవాళ్లు ఈవిడ షిఫ్టో కాదో కనుక్కుని మరీ లోపలికి వెళ్లేవాళ్లట. ఇంటికొచ్చాక కూడా ఆవిడ కబుర్లన్నీ అవే. ఎవరు ఏం పారేసుకున్నారు, ఏ గొట్టంలో ఏం ఇరుక్కుంది, పైవాళ్లు తనిఖీకొచ్చి ముక్కు మూసుకోకుండా ఎలా తిరిగి వెళ్లారు. అన్నం ముందు ఆ కథలు వద్దని నేను మొత్తుకుంటే, తిన్నది ఎక్కడికి పోతుందో తెలియకపోతే ఎలాగే అని నవ్వేది.

ఆవిడ గొప్పగా చెప్పుకునే సంగతి ఇంకొకటుంది. అక్కడ ఫినాయిలు, చీపుళ్లు, బకెట్లు పెట్టే చిన్న గది ఒకటి ఉండేది. మిగతావాళ్ల షిఫ్టుల్లో ఆ గది తాళంచెవి పోవడం, సరుకు మాయమవడం మామూలే. ఈవిడ షిఫ్టులో ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ పోలేదు. ఎక్కడ దాచేదో తోటివాళ్లకీ తెలీదు, కన్నకొడుక్కీ తెలీదు. నేనూ అడిగాను. చెప్తే ఇంకా దాచడమేమిటే అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

అటువంటి మనిషికి మతిమరుపు జబ్బొచ్చింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత రోజులు పోయాయి, ఆ తర్వాత మేము పోయాం. బూట్లు మాత్రం గుర్తున్నాయి. ఒకసారి చెప్పకుండా బస్టాండుకి నడిచి వెళ్లిపోయింది. రెండోసారి వెనక్కి వస్తున్న బస్సు వెనక నిలబడి తుడుస్తుంటే, డ్రైవరు అద్దంలో చూశాడు కాబట్టి బతికింది. ఆ డ్రైవరు ఎవరో కాదు, మా ఆయనే. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తాగలేకపోయాడు. తలుపుకున్న ఇనప గ్రిల్లుకి తాళం వేద్దామన్నది నేనే. ఈ మాట నేను ఎవరి మీదా తోసెయ్యను. గ్రిల్లు కొయ్యాలే తప్ప తాళం పగలదని కొట్టువాడు చెప్పిన బరువైన తాళం కొనుక్కొచ్చాడు ఆయన. చెవులు రెండు. ఒకటి ఆయన జేబులో, ఒకటి నా దగ్గర.

ఆవిడని లోపల పెట్టి తాళం వేశాం గానీ, ఆవిడతోపాటు ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆయన దూరపు బస్సు, వెళ్తే రెండు రోజులకి గానీ రాడు. కాబట్టి ఆ ఎవరో ఒకరు నేనే. నాది బైండింగు పని. పెద్ద పెద్ద రిజిస్టర్లు, పాత పుస్తకాలు విడదీసి మళ్లీ కుట్టేదాన్ని. మైనం పట్టించిన దారం, సూది, జిగురు, అట్ట. పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాను. అది వదిలేసి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మూడో అంతస్తు నుంచి ఎన్నిసార్లు కిందికి దిగానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కిటికీ ఊచల్లోంచి కనబడే ఎదురు మేడ, దాని మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు మీద కాకి. ఆ కాకి మొహం నాకు మొగుడి మొహం కంటే బాగా తెలుసు.

అలా ఉండగా నేను పనిచేసిన బైండింగు షాపు యజమానురాలు ఫోను చేసింది. ఒక బల్ల ఖాళీ అయిందట. నాకూ, ఇంకొక ఆవిడకీ కబురు పెట్టిందట. గురువారం పదకొండు గంటలకల్లా వచ్చి కూర్చుంటే బల్ల నాది, లేకపోతే ఆవిడది. నిర్మొహమాటం మనిషి, బతిమాలితే ఇంకా బిగుసుకుంటుంది. పక్క వాటాలో ఉండే లెక్కల టీచరు రిటైరై ఖాళీగానే ఉంది. తాను ఉత్తరం రాస్తే అందులో కూడా తప్పులు దిద్దుకునే మనిషి. అత్త దగ్గర పగలంతా తాను కూర్చుంటానని, పది గంటలకి వస్తానని మాటిచ్చింది. బుధవారం రాత్రి బట్టలు ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నాను. ఆ హడావిడిలో, ఎప్పుడూ గట్టు మీద డబ్బా వెనక పెట్టే తాళంచెవిని ఆ బట్టల మీదే పెట్టి పడుకున్నాను.

పొద్దున్న ఎనిమిదింటికి చూస్తే బట్టలున్నాయి, తాళంచెవి లేదు. మా ఆయన తెల్లవారుజామునే తన చెవితో బయటినుంచి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

అత్తని అడిగాను. నా మొహం కేసి మర్యాదగా చూసి, ఎవరమ్మా మీరు, ఎవరు కావాలి అంది. దిండు కింద చూశాను. అక్కడ నా బైండింగు దారపు ఉండ దొరికింది. పెట్టెలో ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందా అనుకున్నానే గానీ ఆగి ఆలోచించలేదు. బియ్యం డబ్బా, చెప్పులు, మంచం కోళ్ల సందులు, అన్నీ వెతికాను. ఆఖరికి మరుగుదొడ్డిలోకి వెళ్లి, పనయ్యాక మీట నొక్కాను. నీళ్లు కిందికి పోలేదు. నెమ్మదిగా పైకి లేచి, సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగాయి. నా గుండె కూడా అక్కడే ఆగింది. కిందటి వారమే ఆవిడ అందులో గరిటె వేస్తుంటే పట్టుకున్నాను. ఇంక వేరే చెప్పాలా, ఈసారి తాళంచెవి వేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదీ. ఇంట్లో ఉన్నది ఒక్కటే దొడ్డి, అది మూసుకుపోయింది. ఉన్నది ఒక్కటే తలుపు, అదీ మూసుకుపోయింది.

మా ఆయనకి ఫోను చేస్తే కండక్టరు ఎత్తాడు. బస్సు కొండ దారిలో ఉందని, ఏం చెప్పాలో చెబితే చెబుతానని అన్నాడు. ఏం చెప్పను? మీ డ్రైవరుగారి భార్యా తల్లీ ఇంట్లో బందీలయ్యారని చెప్పనా? ఏమీ లేదని పెట్టేశాను. నా కేకలు విని టీచరు పది కాకముందే గ్రిల్లు దగ్గరికి వచ్చింది. సంగతి విని వీధి చివర వెల్డింగు అతని దగ్గరికి వెళ్లి, చేతిలో పనుంది, మధ్యాహ్నం గానీ రానన్నాడని తిరిగొచ్చింది. అప్పటినుంచి ఊచల అవతల స్టూలు వేసుక్కూర్చుని నాకు పాఠం మొదలుపెట్టింది.

ప్లంబర్ల దగ్గర చివర రబ్బరు బుర్ర ఉండే కర్ర ఒకటుంటుంది, అది పెట్టి రెండు పోట్లు పొడిస్తే చాలునట. అది మా ఇంట్లో లేదన్నాను. అయితే తుడిచే కర్రకి ప్లాస్టిక్ కవరు చుట్టి పొడవమంది. బకెట్టుడు నీళ్లు ఎత్తునుంచి ఒక్కసారిగా పొయ్యమంది. వంటసోడా వెయ్యమంది. ఆవిడ చెప్పినవన్నీ మంచి ఉపాయాలే. కానీ అన్నీ అడ్డాన్ని లోపలికి నెట్టేవే. నాకు అది బయటికి రావాలి. నెట్టితే దొడ్డి బాగుపడుతుంది, తాళంచెవి పోతుంది. నెట్టకపోతే రెండూ లేవు. కుడితిలో పడ్డ ఎలుకనై నిలబడ్డాను.

కనీసం ఫ్లష్ ట్యాంకు మూత తీసి, లోపల తేలే బంతిని పైకెత్తి పట్టుకో, నీళ్లు రాకుండా ఆగుతాయి అంది టీచరు. నేను మూత మీద చెయ్యి వేశానో లేదో, అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్త గబగబా వచ్చి రెండు అరచేతులూ దాని మీద పెట్టేసింది.

"దీన్ని ముట్టుకోకు," అంది. "కొత్తగా వచ్చావా పనికి?"

నాకు ఒళ్లు మండింది. అయినా వాదించే వేళ కాదని, గోడ దగ్గరున్న చిన్న కుళాయి కట్టేసి ఊరుకున్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. వెళ్లి రబ్బరు బూట్లు వేసుకొచ్చింది. మా ఆయన ఎన్నిసార్లు పారేద్దామన్నా నేనే దాచిన బూట్లవి. అవి వేసుకోగానే నడుము కాస్త నిటారుగా అయింది, గొంతులోకి ఏదో పాత అధికారం వచ్చింది.

ఆవిడ చెప్పింది, నేను చేశాను. ముందు పొయ్యడం కాదు, తోడాలట. మగ్గుతో తోడి బకెట్లో పోసి, స్నానాల మూలనున్న తూములో వంపాను. వాసన గురించి రాయను, ఊహించుకోగలరు. తర్వాత గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు, గోరువెచ్చనివే పొయ్యాలట, మరిగేవి పోస్తే పింగాణీ పగులుతుందని ఆవిడే హెచ్చరించింది. పోసి పావుగంట వదిలెయ్యమంది. ఆ పావుగంటా గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదీ ముప్పావు. ఇంటినుంచి షాపుకి నడిస్తే ఇరవై నిమిషాలు, పరిగెత్తితే పన్నెండు. ఇంకా ఆశ ఉంది.

బట్టల హ్యాంగరు తీగ విప్పి, చివర చిన్న కొక్కెం వంచాను. చేతికి రెండు కవర్లు తొడిగి మోచేతి దగ్గర బైండింగు దారంతో కట్టుకున్నాను. తీగ లోపలికి పెట్టి గుచ్చబోతే, అత్త నా మణికట్టు పట్టుకుంది. గుచ్చకూడదట. వంపు తిరిగేదాకా జార్చి, కొసకి మెత్తగా తగలగానే, దారం ఉండకి చుట్టినట్టు ఒకే వైపు తిప్పుతూ పోవాలట. అప్పుడది తీగని తానే పట్టుకుంటుందట. పదకొండేళ్లు దారంతో బతికిన దాన్ని, నాకామాట వెంటనే పట్టుబడింది. తిప్పాను. బరువు తగిలింది. లాగాను. బుడుంగుమని చప్పుడు చేస్తూ గుడ్డ ఒకటి బయటికొచ్చింది. పాత దిండు గలీబు, సగానికి చింపింది.

"అది నేనే పెట్టా," అంది అత్త తృప్తిగా. "గొట్టంలోంచి ఎలుకలొస్తాయి. షిఫ్టు మారేటప్పుడు గుడ్డ కుక్కాలి."

గలీబు మడతలన్నీ విప్పి చూశాను. తాళంచెవి లేదు. మళ్లీ తీగ పెట్టాను. ఏమీ తగల్లేదు. కొక్కెం ఇంకాస్త పెద్దది చేద్దామని వెనక్కి తిరిగి వంచుతున్నాను. అంతే, వెనక దభాలున చప్పుడైంది. అత్త నిండు బకెట్టు ఎత్తి ఒక్క విసురున పోసేసింది. నీళ్లు గిర్రున తిరిగి, గుటక వేసినట్టు చప్పుడు చేసి, కిందికి వెళ్లిపోయాయి. లోపల తెల్లగా, ఖాళీగా ఉంది.

ఇంకెవరింట్లోనైనా అయితే అప్పుడు చప్పట్లు కొట్టేవారు. నేను నేల మీద కూలబడ్డాను. తాళంచెవి గొట్టాల్లో పడి పోయింది, దాంతోపాటు నా బల్ల, నా సూది, నా పదకొండు గంటలు పోయాయి. రెండేళ్లుగా నోట్లో కుక్కుకున్నదంతా ఆ క్షణంలో బయటికొచ్చింది. ఏం అన్నానో అది రాయకపోతే ఇదంతా రాయడం దండగ. అందుకని రాస్తున్నాను.

"మీరు పోతే గానీ ఈ తలుపు నాకు తెరుచుకోదు."

ఊచల అవతల టీచరు స్టూలు మీంచి లేచి నిలబడిన చప్పుడు వినబడింది. అత్త విన్నదో లేదో తెలియదు. బ్రష్షు తీసుకుంది. అంచు కింద తోమింది, చుట్టూ తోమింది, నేల మీద నేను ఒలకబోసిన నీళ్లు గుడ్డతో ఒత్తి, పిండి, మళ్లీ ఒత్తింది. ఫినాయిలు రెండు మూతలు కొలిచి పోసింది. రెండు అడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసింది. కూర్చున్న చోటునుంచి నేను కదల్లేదు. నా చేతికి కవర్లు అలాగే ఉన్నాయి.

పని మొత్తం అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుని తుడుచుకుంది. ట్యాంకు మూత రెండు చేతులతో ఎత్తి గోడకి ఆనించింది. లోపలికి చెయ్యి పెట్టి, దారం కొసొకటి పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు నెమ్మదిగా పైకి లాగింది. మైనం పట్టించిన దారం. నాదే. నీళ్లలో నానదు, తెగదు. దాని చివర మా తాళంచెవి.

బస్టాండులో ఆ ఫినాయిలు గది చెవి ఇరవై ఆరేళ్లు అలాగే వేలాడిందన్నమాట, దొంగ కూడా చెయ్యి పెట్టని చోట. దొడ్డి శుభ్రమై, డ్యూటీ అయ్యాకే బయటికి తీసేది. నేను పొద్దున్నుంచి కింద పింగాణీ తొట్టిలో వెతుకుతున్నది దానికి జానెడు పైన భద్రంగా ఉంది. మూత మీద ఆవిడ చేతులు వేసినప్పుడైనా నాకు వెలగలేదు.

ఆవిడ తాళంచెవిని తుడిచి నా దగ్గరికొచ్చింది. వంగి నా చేతికున్న దారం ముడి విప్పింది. కవర్లు ఊడదీసింది. చెవి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఎవరి పిల్లవో పాపం, పొద్దున్నుంచి ఇక్కడే చిక్కుకుపోయావు. వెళ్లిపో అమ్మా. మా కోడలు చూసిందంటే మళ్లీ తాళం వేసేస్తుంది."

చెవి గుప్పిట్లో పట్టుకుని అడిగాను, "మీరు రారా?"

"నేనెలా వస్తాను?" అంది, ఇంత తెలియదా అన్నట్టు. "అది రెండేళ్లనుంచి గడప దాటడం లేదు. ఒక్కతే ఉంటుంది లోపల. ఎవరో ఒకరు ఉండాలి కదా దానికి."

గ్రిల్లు తీశాను. పదీ నలభై. టీచరు లోపలికొచ్చి, నా మొహం చూసి, ముందు చేతులు కడుక్కో అంది. ఇస్త్రీ బట్టలు తొడుక్కుని, మెట్లు రెండేసి చొప్పున దిగి పరిగెత్తాను. వీధిలో ఏడుస్తూ పరిగెత్తే ఆడదాన్ని చూసి జనం దారి ఇచ్చారు. షాపులో గడియారం పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆ ఇంకొక ఆవిడ వీధి మలుపులో కనబడింది, వస్తూ. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. యజమానురాలు నా ముందు విడి కాగితాల దొంతర పెట్టి, ఏమిటీ ఫినాయిలు వాసన అంది. ఇంట్లో పనుందన్నాను. సాయంత్రం దాకా కుట్టాను. వేళ్లు ఏదీ మర్చిపోలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త కుర్చీలో కూర్చుని ఉంది, బూట్లు విప్పలేదు. టీచరు చెప్పింది, మధ్యాహ్నమంతా కోడలు కనబడటం లేదని నాలుగైదుసార్లు అడిగిందట. నన్ను చూసి మళ్లీ అడిగింది. మీ కోడలు పనికి వెళ్లిందన్నాను. ఆవిడ మొహం తేటపడింది. పోనీలే, అయితే నేనూ ఇంక ఇంటికి వెళ్లొచ్చు అని లేచి గుమ్మం వైపు నడిచింది.

ఆపలేదు. చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. వీధి చివరి దాకా నడిచాం. వెల్డింగు అతను మమ్మల్ని చూసి, గ్రిల్లు కొయ్యాలన్నారు కదా, ఇప్పుడు రమ్మంటారా అన్నాడు. అవసరం లేదన్నాను. అక్కడినుంచి వెనక్కి తిరిగి, మూడు అంతస్తులు ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాం. పొద్దున్న నేనన్న మాటకి క్షమాపణ అడుగుదామని మెట్ల మలుపులో నోరు తెరిచాను. ఎవరమ్మా మీరు, మంచివారిలా ఉన్నారు అంది. చెయ్యి పట్టుకుని తర్వాతి మెట్టు ఎక్కించాను.

లోపలికొచ్చాక గ్రిల్లు మూసి తాళం వేశాను. వెయ్యకుండా ఉండలేను. బస్సు అద్దంలో మా ఆయనకి కనబడినది నాకు రోజూ కనబడుతుంది. తర్వాత మరుగుదొడ్డిలోకి వెళ్లి, ట్యాంకు మూత ఎత్తి, తాళంచెవిని ఆ దారంతోనే లోపల వేలాడదీశాను. వెనక్కి తిరిగితే అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఆఁ, అక్కడే," అంది. "ఎవరికీ చెప్పకు."